క్లారా బో గొంతు బాగోలేకే సినిమాలు పోయాయా?

మీ ప్రశ్న ముందు ఒకసారి రాస్తాను, తర్వాత చదివేవాళ్ళకి సులువుగా ఉంటుంది. మూకీల కాలంలో అమెరికాని ఊపేసిన క్లారా బో, టాకీలు రాగానే గొంతు గరగరలాడటం వల్ల, యాస మోటుగా ఉండటం వల్ల రాత్రికి రాత్రి కనుమరుగైపోయిందని ఒక వీడియోలో విన్నారు. అది నిజమేనా, అసలు ఆమె ఎవరు, చివరికి ఏమైంది, ఆమె సినిమాలు చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

నిజం కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే మాత్రం కాస్త పొడుగు కథే.

నేను సౌండ్ మనిషిని. మద్రాసులో బూమ్ కర్ర, అంటే మైక్ కట్టిన పొడుగు కర్ర, మోయడంతో మొదలుపెట్టాను, ఆ తర్వాత హైదరాబాద్ డబ్బింగ్ థియేటర్లలో ముప్పై ఏళ్ళు గడిచిపోయాయి. ఎవరిదైనా గొంతు బాగోలేదని అంటే నాకు ముందు అనుమానం వచ్చేది మైక్ పెట్టినవాడి మీద. అందుకే ఈ క్లారా బో సంగతి చాలా ఏళ్ళుగా పట్టుకుని తిరుగుతున్నాను.

ముందు లెక్కలు చూడండి. ఆమె మొదటి టాకీ 'ది వైల్డ్ పార్టీ' 1929 ఏప్రిల్‌లో వచ్చింది, బాగా ఆడింది. థియేటర్లకి జనాన్ని రప్పించే తారల్లో 1928లో ఆమె మొదటి స్థానం. 1929లోనూ మొదటి స్థానమే. 1930లో రెండో స్థానం. అప్పటికి ఏడాదిన్నరగా జనం ఆమె గొంతు వింటూనే ఉన్నారు. గొంతు విని పారిపోయినవాళ్ళు మళ్ళీ మళ్ళీ టికెట్ ఎందుకు కొంటారు? మొత్తం 57 సినిమాల్లో నటిస్తే అందులో 11 టాకీలు. పాటలు కూడా పాడింది. ఇది గొంతు పోయి మూలపడిన మనిషి లెక్కలా లేదు కదా.

మరి ఏమైంది? దానికి ఆమె పుట్టిన చోటికి, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ దాకా వెళ్ళాలి.

1905 జులై 29న పుట్టింది. అంతకుముందు పుట్టిన ఇద్దరు అక్కలు పసికందులుగానే పోయారు. తండ్రి రాబర్ట్‌కి ఏ పనీ నిలిచేది కాదు. తల్లి శారాకి మూర్ఛలు, పైగా మతి స్థిమితం లేదు. ఇరుకు అద్దె వాటాలు, ఒకటి ఖాళీ చేసి ఇంకొకటి. చింపిరి బట్టలని వెక్కిరించే ఆడపిల్లల జోలికి పోకుండా వీధిలో మగపిల్లలతో బంతాట ఆడుతూ పెరిగింది. కింది వాటాలో ఉండే చిన్న స్నేహితుడికి నిప్పంటుకుంటే తివాచీలో చుట్టి మంటలార్పిందట, కానీ ఆ పిల్లాడు ఆమె చేతుల్లోనే పోయాడట. తర్వాత్తర్వాత కెమెరా ముందు ఏడవాల్సి వస్తే ఆమెకి గ్లిజరిన్ అక్కర్లేదు. ఒక జోలపాట వాయించమనేది. ఆ పిల్లాడు గుర్తొచ్చి కళ్ళు వాటంతటవే నిండేవి.

1921లో ఒక సినిమా పత్రికల సంస్థ 'ఫేమ్ అండ్ ఫార్చ్యూన్' అని పోటీ పెట్టింది. గెలిచిన అమ్మాయికి సినిమాలో వేషం ఇప్పిస్తామన్నారు. క్లారా తండ్రి దగ్గర ఒక డాలర్ తీసుకుని కోనీ ఐలండ్ వెళ్ళి చవక ఫోటోలు దిగి, స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చింది. గెలిచింది. వేషమూ వచ్చింది, 'బియాండ్ ది రెయిన్‌బో'లో. సినిమా విడుదలయ్యేసరికి ఆమె సీన్లు కత్తిరించేశారు. స్కూల్లో స్నేహితురాళ్ళకి చెప్పుకుని చూపిద్దామని వెళ్తే తెర మీద తాను లేదు! ఈమె పెద్ద తారయ్యాక అవే ముక్కలు వెతికి మళ్ళీ అతికించారనుకోండి. ఆ పని ఏ భాషలోనైనా మనవాళ్ళు చేసేదే.

తల్లికి సినిమాలంటే రోత. సినిమాల్లోకి పోయేకంటే చావడం మేలని కూతురి మొహం మీదే అనేది. 1922 ఫిబ్రవరిలో ఒక రాత్రి క్లారాకి మెలకువ వచ్చేసరికి తల్లి కత్తి పట్టుకుని ఉంది, అది తన గొంతు మీద ఉంది. ఎలాగో తప్పించుకుంది. మరుసటి ఏడాది మొదట్లో తల్లి చనిపోయింది. ఆ రాత్రి నుంచి క్లారాకి నిద్ర సరిగ్గా పట్టలేదు, జీవితాంతం. తల్లికి వచ్చిన జబ్బు తనకీ వస్తుందేమోనన్న భయం కూడా అప్పుడే పట్టుకుని ఉంటుందని నా ఊహ. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. 1931 దగ్గరికి వచ్చాక దీనితో పని ఉంది.

న్యూ బెడ్‌ఫోర్డ్‌లో తీసిన తిమింగలాల వేట సినిమా 'డౌన్ టు ది సీ ఇన్ షిప్స్'తో కాస్త పేరొచ్చింది. 1923లో బి.పి. షుల్‌బర్గ్ అనే నిర్మాత వారానికి 50 డాలర్లకి హాలీవుడ్ రప్పించాడు. ఇతను ఏం చేశాడంటే, తన సినిమాల్లో వేషాలివ్వడం ఒక పక్క, వేరే కంపెనీలకి ఆమెని అద్దెకివ్వడం ఇంకో పక్క. అద్దె డబ్బులో అమ్మాయికి జీతం పడేసి మిగతాది తను ఉంచుకునేవాడు. ఒక్క 1925లోనే ఆమె పద్నాలుగో పదిహేనో సినిమాల్లో కనిపించింది. ఒక సెట్ నుంచి ఇంకో సెట్‌కి పరుగు, రెండు మూడు సినిమాలు ఒకేసారి. ఆ ఏడాది చివర్లో షుల్‌బర్గ్ కంపెనీ దివాలా తీసింది. అతను పారామౌంట్ అనే పెద్ద స్టూడియోకి వెళ్తూ క్లారాని వెంట తీసుకెళ్ళాడు. అతని దగ్గర మిగిలిన ఆస్తి ఆవిడే.

పారామౌంట్‌లో విక్టర్ ఫ్లెమింగ్ తీసిన 'మ్యాన్‌ట్రాప్' (1926) ఆమెని నిలబెట్టింది. 1927లో వచ్చిన 'ఇట్' ఆకాశానికెత్తింది. ఎలినార్ గ్లిన్ అనే రచయిత్రి మనిషిలోని ఆకర్షణకి 'ఇట్' అని పేరు పెట్టింది. పారామౌంట్ ఆ ఆలోచనకి, ఆ పేరుకి ఆమెకి 50,000 డాలర్లు ఇచ్చింది. అప్పటి నుంచి క్లారాకి 'ఇట్ గర్ల్' అన్న బిరుదు అతుక్కుపోయింది.

ఆ సినిమాలో ఒక చిన్న సీన్ చెబుతాను. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు, 1927 సినిమా కాబట్టి అమెరికాలో కాపీరైట్ తీరిపోయింది. బట్టల దుకాణంలో పనిచేసే బెటీ లూకి ఆ రాత్రి రిట్జ్ హోటల్‌లో భోజనానికి వెళ్ళే అవకాశం వస్తుంది. వేసుకోవడానికి ఏమీ లేదు. రోజూ పనికి వేసుకెళ్ళే నల్ల గౌనే, ఒంటి మీద ఉండగానే, గదిలో స్నేహితురాలు కత్తెర పట్టుకుని మెడ దగ్గర కత్తిరిస్తుంది. క్లారా కుదురుగా నిలబడదు. అద్దంలోకి చూస్తుంది, భుజం ఎగరేస్తుంది, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతుంది, కత్తెర ఎక్కడ తగులుతుందోనని మనకి గుండె దడ. ఆ అర నిమిషంలో ఒక పేదింటి అమ్మాయి ఆశ, తొందర, పొగరు అన్నీ కనిపిస్తాయి. తెర మీద మాటలు రాసి చూపే కార్డు చదవాల్సిన పనే లేదు. పదిసార్లు చూసుంటాను, ప్రతిసారీ నా కన్ను ఆమె మోకాళ్ళ మీదకి పోతుంది, అవి కూడా నటిస్తాయి!

అదే ఆమె విద్య. ఒళ్ళంతా కదలాలి. ఎక్కడికి వెళ్తుందో ముందు చెప్పలేం, కెమెరా వాళ్ళు వెంట పరిగెత్తాలి. రిహార్సల్‌లో చేసింది టేక్‌లో చేయదు. మూకీ సెట్‌లో దానికి అడ్డమేమీ లేదు. షాట్ నడుస్తుండగానే దర్శకుడు పక్క నుంచి గట్టిగా చెబుతుంటాడు, 'ఇటు తిరుగు, ఇప్పుడు నవ్వు, ఆ అయిపోయింది ఏడు' అని. ఓ మూల వయొలిన్ వాయిస్తుంటారు, నటులకి మూడ్ రావాలని. కెమెరా గిరగిర మోగుతుంటుంది. ఎవరికీ పట్టింపు లేదు, శబ్దం ఎక్కడా రికార్డు కాదు కాబట్టి.

అదే ఏడాది 'వింగ్స్' వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం విమానాల కథ, క్లారా అందులో ఆంబులెన్స్ నడిపే అమ్మాయి. మొట్టమొదటి ఉత్తమ చిత్రం ఆస్కార్ దానికే వచ్చింది, 1929 మేలో. అందులో తన పాత్ర 'పై' అనే తీపి వంటకం మీద క్రీమ్ లాంటిదని ఆవిడే ఎగతాళి చేసుకుంది.

ఇక్కడ డబ్బు సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. 1926 ఆగస్టులో పారామౌంట్‌తో ఐదేళ్ళ ఒప్పందం. వారానికి 1,700 డాలర్లతో మొదలై చివరి ఏడాదికి 4,000. పెద్ద మొత్తంలా కనిపిస్తుంది. కానీ ఆ రోజుల్లో ఆమె స్థాయి తారలు, ఉదాహరణకి కాలీన్ మూర్, వారానికి 10,000 దాటి తీసుకునేవాళ్ళు. ఇంకొక విషయం, నాకు చాలా ముఖ్యమనిపించేది: సంతకం పెట్టిన రోజుల్లోనే క్లారా చెప్పింది, ఈ ఒప్పందం అయిపోగానే, అంటే 1931లో, సినిమాలు మానేస్తానని. అప్పటికి టాకీలు ఇంకా రాలేదు. ఆమెకి అప్పుడు ఇరవై ఒక్క ఏళ్ళు.

ఇక టాకీలు. 1927 అక్టోబర్‌లో, మాటలు వినిపించిన తొలి పెద్ద సినిమా 'ది జాజ్ సింగర్' వచ్చింది. ఏడాదిన్నర తిరిగేసరికి హాలీవుడ్‌లో అందరికీ చెమటలు. ఇప్పుడు మనం కాలర్‌కి గుచ్చుకునే మైక్ ఉంది, నచ్చకపోతే తర్వాత డబ్బింగ్ ఉంది, లెవెల్స్ సర్దడానికి కంప్యూటర్ ఉంది. 1929లో ఇవేవీ లేవు. మైక్ ఒక చోట కడితే అక్కడే. పూలకుండీలోనో, దీపం వెనకో దాచేవాళ్ళు. నటుడు ఆ కుండీ దగ్గరికి వెళ్ళి మాట్లాడాలి, నాలుగడుగులు వేసి ఇంకో మైక్ దగ్గర ఇంకో మాట. మధ్య దారిలో నోరు విప్పితే వినపడదు. కెమెరా చప్పుడు మైక్‌లో పడకుండా కెమెరానీ కెమెరామన్‌నీ కలిపి ఒక గదిలో పెట్టి తలుపేసేవాళ్ళు. లోపల ఉక్క, కెమెరా కదలదు. పాత ఆర్క్ దీపాలు బుస్సుమంటాయని వాటిని తీసేసి బల్బులు పెట్టారు, సెట్ కుంపటి అయిపోయింది. దర్శకుడు టేక్ మధ్యలో మాట్లాడకూడదు. వయొలిన్ లేదు. ఎవరైనా దగ్గితే ఎన్‌జి, అంటే ఆ టేక్ పనికిరాదు, మళ్ళీ మొదటి నుంచి.

ఇలాంటి సెట్‌లో క్లారా బోని నిలబెట్టారు. కదలడమే నటన అయిన మనిషిని.

ఆమె అదృష్టం బాగుండి 'ది వైల్డ్ పార్టీ'కి దర్శకురాలు డొరొతీ ఆర్జ్‌నర్. ఆ కాలంలో పెద్ద స్టూడియోల్లో సినిమాలు తీస్తున్న దాదాపు ఒకే ఒక్క మహిళ. అంతకుముందు 1927లో క్లారాతో ఒక మూకీ తీసింది కూడా, ఈ పిల్ల కాళ్ళు కట్టేస్తే పని జరగదని తెలుసు. అందుకని మైక్‌ని చేపలు పట్టే గాలం కర్రకి కట్టించి, ఆమె తల మీదుగా పట్టుకుని ఆమె ఎటు వెళ్తే అటు తిప్పమంది. ఇవాళ ప్రతి షూటింగ్‌లోనూ ఒకడు చేతులు పైకెత్తి మోస్తూ కనిపించే బూమ్‌కి అది మొదటి రూపాల్లో ఒకటి. నేను ఈ పనిలో చేరిన మొదటి రోజుల్లో, భుజాలు పడిపోతున్నా కర్ర దించకూడదని సీనియర్ కసిరినప్పుడు, ఈ ఐడియా ఎవడికొచ్చిందిరా అని తిట్టుకున్నాను. ఎవడికో కాదు, ఒకావిడకి వచ్చిందని చాలా ఏళ్ళకి తెలిసింది. అది కూడా ఒక నటి కదలకుండా ఉండలేదన్నందుకు.

అయినా ఇబ్బంది తీరలేదు. ఆ సినిమాలో కొన్ని షాట్లు మళ్ళీ మళ్ళీ తీయాల్సి వచ్చింది. ఎందుకంటే క్లారా కళ్ళు మాటిమాటికీ పైకి, మైక్ వైపు పోయేవి. నేను ఇది చదివినప్పుడు ఒక్కసారి ఆగిపోయాను. బూమ్ పట్టుకున్నవాడికి ఆ చూపు తెలుసు. కొత్తగా వచ్చిన ఆర్టిస్టులు అచ్చం అలాగే చూస్తారు, నెత్తి మీద ఏదో పాము వేలాడుతున్నట్టు. డైలాగ్ మరిచిపోయి కాదు. ఆ చూపుని పోగొట్టే ఉపాయం నాకు ఒకటే తెలుసు, వాళ్ళతో కబుర్లాడుతూ టేక్‌కి ముందు పది నిమిషాలు మైక్ అలాగే పట్టుకుని నిలబడటం. అలవాటైపోతుంది. క్లారాకి అలవాటు పడే సమయం ఎవరిచ్చారు? ఇచ్చింది కొన్ని వారాలే.

మొదటి రోజు ఆమె హుషారుగా అరిచేసరికి రికార్డింగ్ గదిలో వాల్వులన్నీ, అంటే పాత రేడియోల్లో ఉండే గాజు బుడ్లు, మాడిపోయాయని ఒక కథ ప్రచారంలో ఉంది. కథే అయి ఉండొచ్చు. కానీ అలాంటి కథ పుట్టడానికి కారణం మాత్రం నాకు అర్థమవుతుంది. అప్పటి యంత్రాలు గొంతు హెచ్చుతగ్గులని భరించలేవు. గుసగుస వినపడదు, అరుపు పగిలిపోతుంది. మధ్యస్తంగా, ఒకే తీరుగా మాట్లాడే నాటకాల వాళ్ళు వాటికి నచ్చుతారు. క్లారా మాటలో బ్రూక్లిన్ యాస ఉంది, కొందరు సమీక్షకులు దానికి పెదవి విరిచిన మాట నిజమే. కానీ వినండి మీరే. కాస్త బొంగురుతో, దిగువ శ్రుతిలో, మనిషితనం ఉన్న గొంతు. కీచుమనేది కాదు. నా చేతికి ఆ గొంతిస్తే నేను సరిచేయడానికి ఏమీ లేదు, మైక్ ఒక అడుగు వెనక్కి జరుపుతానంతే.

ఆమె కూడా టాకీలంటే తనకి ఇష్టం లేదని దాచుకోలేదు. బిగుసుకుపోయినట్టు ఉంటుంది, కదలికకి చోటు లేదు, తనకి కదలికే ముఖ్యం అని అంది. కాలాన్ని ఆపలేం కాబట్టి చేతనైనంత చేస్తానని కూడా అంది.

ఇక్కడ చిన్న పక్కదారి. టాకీలు నిజంగానే కొందరి బతుకులు తారుమారు చేశాయి. మొదటి ఉత్తమ నటుడు ఆస్కార్ అందుకున్న ఎమిల్ యానింగ్స్ జర్మన్ యాస కారణంగా తిరిగి యూరప్ వెళ్ళిపోయాడు. మన దగ్గర మూకీల రాణి సులోచన, అసలు పేరు రూబీ మైయర్స్, హిందుస్తానీ సరిగా రాక విరామం తీసుకుని భాష నేర్చుకుని మళ్ళీ వచ్చింది. మన తెలుగు వాళ్ళకి ఆ బెడద లేకపోయింది. 1932 ఫిబ్రవరి 6న 'భక్త ప్రహ్లాద' వచ్చేనాటికి మనకి మూకీ తారలంటూ పెద్దగా లేరు, నాటకాల వాళ్ళే నేరుగా మైక్ ముందుకొచ్చారు. సురభి కమలాబాయి లాంటి వాళ్ళు పందిట్లో ఆఖరి వరసకి వినపడేలా పాడి వచ్చినవాళ్ళు. మైక్ వాళ్ళకి భయపడాలి గానీ వాళ్ళు మైక్‌కి భయపడే రకం కాదు.

సరే, క్లారా దగ్గరికి వద్దాం. 1929లో ఆమె ఇంకో రెండు టాకీలు చేసింది. వాటిలో ఒకటైన 'ది శాటర్డే నైట్ కిడ్'లో చిన్న వేషంలో కనిపించే అమ్మాయి పేరు జీన్ హార్లో, తర్వాతి తరం తార. 1930లో నాలుగు. మధ్యలో ఊపిరి తీసుకునే వ్యవధి లేదు. 1929 అక్టోబర్ నాటికే తన నరాలు పనిచేయడం లేదని తనే చెప్పింది. మంచం పక్కన నిద్రమందు సీసాలు వరసగా ఉండేవని ఒక పత్రిక రాసింది. ఆ ఏడాది జనవరిలో ఒక్క నెలలో ఆమెకి వచ్చిన అభిమానుల ఉత్తరాలు 45,000. ఇంటికొస్తే మాత్రం మాట్లాడేవాళ్ళు లేరు. పెద్దవాళ్ళ విందులకి పిలిచేవాళ్ళు కాదు, పిలిచినా ఆమె మాట తీరుకి మొహాలు చూసుకునేవాళ్ళు. తల్లి గురించి, పేదరికం గురించి 1928లో ఒక పత్రికకి ఉన్నదున్నట్టు చెప్పేసింది. హాలీవుడ్‌లో అలా చెప్పుకోరు, గౌరవమైన కథ ఒకటి అల్లుకుంటారు. వంటమనిషితో, డ్రైవర్‌తో పేకాటాడుకుంటూ ఇంట్లో కూర్చునేది.

ఇంక ఆ 1931.

డైసీ డివో అనే అమ్మాయి పారామౌంట్‌లో జుట్టు ముడిచే పనిలో ఉండేది. క్లారా ఆమెని సెక్రటరీగా పెట్టుకుంది. నిజం చెప్పాలంటే ఆ అమ్మాయి లెక్కలు బాగానే చూసింది, పొదుపు కూడా చేయించింది. 1930 చివర్లో క్లారా కాబోయే భర్త రెక్స్ బెల్‌తో గొడవపడి ఉద్యోగం పోయింది. అప్పుడు క్లారా సొంత ఉత్తరాలు, టెలిగ్రాములు పట్టుకుని 1,25,000 డాలర్లు ఇవ్వకపోతే బయటపెడతానంది. క్లారా పోలీసుల దగ్గరికెళ్ళింది. 1931 జనవరిలో కోర్టులో విచారణ. ముప్పైకి పైగా అభియోగాలు పెడితే ఒక్కదానిలోనే దోషిగా తేలింది, పద్దెనిమిది నెలల శిక్ష. కానీ ఆ విచారణలో నిలబడింది డైసీనా, క్లారానా? ఎవరికి ఏ కానుక కొన్నది, మందుకి ఎంత ఖర్చు పెట్టింది, ఎవరు ఏం రాశారు, రోజూ పేపర్లో మొదటి పేజీ. అది చాలదన్నట్టు ఒక చెత్త పత్రిక ఆమె మీద రాయకూడనివన్నీ రాసి, మళ్ళీ ఆ పత్రికనే ఆమెకి అమ్మజూపింది. ఆ సంపాదకుడు జైలుకెళ్ళాడు. వాడు రాసిన బూతులు మాత్రం ఇప్పటికీ వీడియోల్లో తిరుగుతున్నాయి, నేను వాటిని ఇక్కడ మళ్ళీ రాయను.

స్టూడియో ఆమెని కాపాడిందా? 'సిటీ స్ట్రీట్స్'లో ఆమె చేయాల్సిన పాత్ర సిల్వియా సిడ్నీకి వెళ్ళిపోయింది. ఆ వసంతంలో క్లారా కుప్పకూలింది, శానిటోరియంలో చేర్చారు. తల్లిని చూసిన మనిషికి, తన బుర్ర తన మాట వినడం మానేసినప్పుడు ఎలా ఉంటుందో ఊహించండి. తనంతట తానే ఒప్పందం నుంచి విడుదల చేయమని అడిగింది. ఇచ్చేశారు. ఐదేళ్ళ కింద చెప్పినట్టే, 1931లో, బయటికొచ్చింది. వయసు పాతికా, ఇరవయ్యారు మధ్య.

గొంతు కథ ఎందుకు పాకిందో నాకైతే స్పష్టంగానే కనిపిస్తుంది. 'గొంతు బాగోలేదు' అంటే తప్పు ఆమె ఒంట్లో ఉన్నట్టు. అద్దెకి తిప్పినవాళ్ళు, సగం జీతానికి రెట్టింపు పని చేయించినవాళ్ళు, కోర్టులో ఆమె బతుకు ఆరేస్తుంటే పక్కకి తప్పుకున్నవాళ్ళు, ఎవరూ జవాబు చెప్పుకోనక్కర్లేదు. మూకీల నాటి హీరో జాన్ గిల్బర్ట్ మీద కూడా ఇదే ముద్ర వేశారు. ఆయన గొంతు కూడా బాగానే ఉంటుంది, వినండి.

ఇంకో రుజువు కావాలంటే ఆ తర్వాత జరిగింది చూడండి. 1931 డిసెంబర్‌లో లాస్ వేగాస్‌లో రెక్స్ బెల్‌ని పెళ్ళి చేసుకుంది. అతను కౌబాయ్ సినిమాల నటుడు, నెవాడా ఎడారిలో పశువుల క్షేత్రం ఉంది. కాస్త కోలుకోగానే స్టూడియోలు మళ్ళీ వెంటపడ్డాయి. ఫాక్స్ కంపెనీకి రెండు సినిమాలు చేసింది, 'కాల్ హర్ సావేజ్' (1932), 'హూప్లా' (1933). రెండూ టాకీలే. మొదటిది తప్పకుండా చూడండి. మైక్‌లు అప్పటికి బాగుపడ్డాయి, కెమెరా మళ్ళీ కదులుతోంది, ఈవిడ కూడా. గుర్రం మీద, కొరడా పట్టుకుని, అరుస్తూ, నవ్వుతూ, ఎక్కడా పైకి చూడదు. ఆ రెండూ అయ్యాక చాలనుకుంది. ఎవరూ పొమ్మనలేదు.

ఇద్దరు కొడుకులు పుట్టారు, 1934లో ఒకరు, 1938లో ఒకరు. మనసు మాత్రం నెమ్మదించలేదు. భర్త రాజకీయాల్లోకి దిగుతుంటే తట్టుకోలేక 1944లో ఒకసారి ప్రాణం తీసుకోబోయింది. 1949లో కనెటికట్‌లోని ఒక మానసిక వైద్యశాలలో చేరింది. స్కిజోఫ్రీనియా అన్నారు, కరెంట్ షాకులిచ్చారు. బయటికొచ్చాక భర్తతో ఉండలేదు, లాస్ ఏంజెలెస్ దగ్గర కల్వర్ సిటీలో చిన్న ఇంట్లో ఒక నర్సు తోడుగా గడిపింది. రెక్స్ బెల్ నెవాడా లెఫ్టినెంట్ గవర్నర్ (అక్కడ గవర్నర్ తర్వాతి పదవి) అయ్యాడు, 1962లో గవర్నర్ పదవికి ప్రచారం చేస్తూ పోయాడు. క్లారా 1965 సెప్టెంబర్ 27న గుండెపోటుతో పోయింది, అరవై ఏళ్ళకి.

చూడాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలని కూడా అడిగారు కదా. ముందు 'మ్యాన్‌ట్రాప్', తర్వాత 'ఇట్', ఆ తర్వాత 'ది వైల్డ్ పార్టీ' వెంటనే 'కాల్ హర్ సావేజ్'. చివరి రెండూ ఒకే రోజు చూస్తే నేను మైక్ గురించి ఇంతసేపు ఎందుకు మొత్తుకున్నానో తెలుస్తుంది. 'ది వైల్డ్ పార్టీ' హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి, ఆమె మొహం ఇటు తిరిగి అటు తిరిగినప్పుడు గొంతు పల్చబడి మళ్ళీ దగ్గరికొస్తుంది. అది కర్ర పట్టుకున్నవాడు వెనకబడిన చోటు. ఆమె మూకీల్లో చాలానే పోయాయి, కానీ అప్పుడప్పుడు ఒకటి దొరుకుతుంటుంది. 1923 నాటి 'ది పిల్ పౌండర్' అనే పొట్టి సినిమా ఈ మధ్యే అమెరికాలో ఒమాహా ఊళ్ళో పాత రీళ్ళ వేలంలో బయటపడింది, కొన్నాయన ఇచ్చింది 20 డాలర్లట.

గొంతు గురించే మొదలుపెట్టాం కాబట్టి ఒక సంగతి చివరికి దాచాను. 1947లో 'ట్రూత్ ఆర్ కాన్సిక్వెన్సెస్' అనే రేడియో కార్యక్రమంలో ఒక పోటీ నడిపారు. పేరు చెప్పరు, 'మిసెస్ హష్' అంటారు. ఒక ఆడగొంతు రెండు ముక్కలు మాట్లాడుతుంది. అది ఎవరిదో దేశమంతా చెవులు రిక్కించి కనుక్కోవాలి. కనుక్కున్నవాళ్ళకి బహుమతులు. ఒక వారం గడిచింది, ఎవరూ చెప్పలేదు. ఇంకో వారం, బహుమతులు ఇంకొన్ని చేర్చారు. అలా వారాలు పట్టింది, అది క్లారా బో గొంతని ఒకరు పోల్చుకోవడానికి.